జీడిపప్పు వ్యాపారం చేస్తూ ఆర్ట్ సినిమాలు తీసిన కొల్లం రవి గారు: తెలిసినవాళ్లు చెప్పండి (మా బాబాయి కోసం)

#1 పలాస_పిక్క

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి. తప్పుంటే సర్దుకోండి.

మాది పలాస. మూడు తరాలుగా జీడిపప్పు వ్యాపారం. పోయిన నెల మా బాబాయికి ఎవరో కుర్రాడు కథ చెప్పాడు. కథ విన్న రాత్రి నుంచి ఆయనకి నిద్ర లేదు, ఆయన వల్ల ఇంట్లో మాకు నిద్ర లేదు. ఈ సీజన్‌లో పిక్కలు కొనడానికి పక్కన పెట్టిన డబ్బు సినిమాలో పెడతానంటాడు. పిన్ని పుట్టింటికి వెళ్లిపోతానని ఒక బ్యాగ్ సర్ది గుమ్మం పక్కన పెట్టింది. ఆ బ్యాగ్ నాలుగు రోజులుగా అక్కడే ఉంది.

బాబాయి వాదన ఏంటంటే, "కేరళలో కొల్లం అనే ఊళ్లో మనలాంటి జీడిపప్పు ఆసామీ ఒకాయన సినిమాలు తీసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడ్రా, మనం తియ్యలేమా ఏటి?" ఆ మాట ఆయనకి ఎక్కడ దొరికిందో తెలీదు. నిజంగా అలాంటి మనిషి ఉన్నాడా? ఉంటే ఆ సినిమాలకి డబ్బులు వచ్చాయా, పోయాయా? నాకు కావాల్సింది అదొక్కటే.

#2 రెండో_ఆట

ఉన్నాడు తమ్ముడూ. కె. రవీంద్రనాథన్ నాయర్. మలయాళంలో ఆ పేరుతో ఎవరూ పిలవరు, ఆయన సినిమా కంపెనీ పేరుతో జనరల్ పిక్చర్స్ రవి అంటారు, లేకపోతే అచ్చాణి రవి. 1933లో పుట్టారు, 2023 జులైలో తొంభయ్యో ఏట పోయారు. మీ వాళ్ల వ్యాపారమే, విజయలక్ష్మి క్యాష్యూ కంపెనీ ఆయనదే. 1967 నుంచి 1994 దాకా మొత్తం 14 సినిమాలు తీశారు.

డబ్బుల సంగతి మాత్రం మీ బాబాయి గారికి చెప్పకండి, లేదా ముందు అదే చెప్పండి. మీ ఇష్టం.

#3 టికెట్_చింపేవాడు

ఎవరండీ ఈయన? దృశ్యం తీసినాయనా?

#4 రెండో_ఆట

కాదు బాబూ. దృశ్యానికి ముప్పై నలభై ఏళ్ల ముందు మాట. మలయాళం డైరెక్టర్లు అరవిందన్, అదూర్ గోపాలకృష్ణన్ పేర్లు విన్నావా? వాళ్ల మంచి సినిమాల్లో చాలావాటి వెనక డబ్బు ఈయనది.

#5 తెనాలి_పాతప్రింట్

ఈ పేరు మీద ఒక థ్రెడ్ వస్తుందని కలలో కూడా అనుకోలేదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికున్నవాళ్లు చదవండి.

రవి గారు మొదట్నుంచీ ఆర్ట్ సినిమా మనిషి కాదు. మొదటి మూడూ పి. భాస్కరన్ డైరెక్ట్ చేసినవి: 1967లో అన్వేషిచ్చు కండెత్తియిల్ల, ఆ తర్వాత లక్షప్రభు, కాట్టుకురంగు. పేరున్న రచయితల నవలలూ కథలూ తీసుకుని, పాటలు పెట్టి, అప్పటి స్టార్లతో తీసిన మర్యాదైన సినిమాలు. మొదటిదానికే ఆ ఏడాది ఉత్తమ మలయాళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

నాలుగోది 1973లో వచ్చిన అచ్చాణి. ప్రేమ్ నజీర్ హీరో, దేవరాజన్ సంగీతం. డైరెక్టర్ ఎ. విన్సెంట్. ఈయన మనకి పరాయివాడేం కాదు. మన ప్రేమ్‌నగర్‌కీ, అన్నమయ్యకీ కెమెరా పట్టింది ఆయనే. అచ్చాణి అంటే బండి చక్రం ఇరుసులోంచి జారిపోకుండా చివర దూర్చే మేకు. మన పల్లెల్లో కడసీల అంటారు. ఇప్పుడు బండ్లే లేవు, ఇక ఆ మాటెవరికి గుర్తుంటుంది!

సినిమా బాగా ఆడింది, లాభం వచ్చింది. ఆ లాభం ఏం చేశారో ఊహించండి చూద్దాం. మరో నజీర్ సినిమా తియ్యలేదు.

#6 టికెట్_చింపేవాడు

థియేటర్ కట్టాడా?

#7 కొల్లంలో_కొన్నాళ్లు

లైబ్రరీ కట్టారండీ. కొల్లం పబ్లిక్ లైబ్రరీ. దాన్ని ఆనుకుని సోపానం అని ఒక ఆడిటోరియం.

నేను ఉద్యోగరీత్యా మూడేళ్లు చవర దగ్గర ఉన్నాను. ఆదివారం గదిలో ఉబ్బరం, బయట వాన. ఆ వానలోనే బస్సెక్కి కొల్లం వెళ్లి ఆ లైబ్రరీలో కూర్చునేవాణ్ని. మలయాళం చదవడం రాదు, ఇంగ్లిష్ పత్రికలు తిరగేసేవాణ్ని. ఒకరోజు పక్కనున్న పెద్దాయన, వచ్చీరాని హిందీలో, "ఇది అచ్చాణి డబ్బు" అన్నాడు. నాకేమో మా ఆఫీసు క్యాంటీన్ పక్కన నజీర్ పాత పాటలు పెట్టే టీ కొట్టు గుర్తొచ్చింది. టీ తాగుతూ విన్న పాట తాలూకు లాభంలో నేను కూర్చుని ఉన్నానన్నమాట! ఆ మాట విన్నాక ఆ కుర్చీ కొంచెం వేరేగా అనిపించింది.

ఒక్క సినిమా పేరు ఇంటిపేరులా అతుక్కుపోవడానికి అసలు కారణం ఆ బిల్డింగే అని నా అనుమానం. సినిమా చూడనివాళ్లు కూడా ఆయన్ని అచ్చాణి రవి అనే అంటారు.

#8 పలాస_పిక్క

అంటే డబ్బులొచ్చాయన్నమాట. ఈ పోస్ట్ బాబాయికి చూపించకూడదు.

#9 తెనాలి_పాతప్రింట్

ఆగు నాయనా, కథ ఇప్పుడే మొదలవుతోంది. లాభమొచ్చిన సినిమా తర్వాత నాలుగేళ్లు ఏమీ తియ్యలేదు. 1977లో మళ్లీ వచ్చి, ఒక్క పాటైనా లేని, మాటలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న సినిమా తీశారు. కాంచనసీత. డైరెక్టర్ అరవిందన్. అప్పటికి అరవిందన్ రబ్బర్ బోర్డులో ఉద్యోగి, మాతృభూమి పత్రికలో కార్టూన్లు వేసేవాడు, తీసింది ఒకే ఒక్క సినిమా. అలాంటి మనిషికి వరసగా ఐదు సినిమాలు ఇచ్చారు. 1977 కాంచనసీత, 78 తంబు, 79 కుమ్మాట్టి, 80 ఎస్తప్పాన్, 81 పోక్కువెయిల్. ఏడాదికొకటి!

జాతీయ ఉత్తమ దర్శకుడి అవార్డు కాంచనసీతకి వచ్చింది, మరుసటేడు తంబుకి మళ్లీ ఆయనకే వచ్చింది. తంబుకి అవార్డిచ్చిన ఆ ఏడాదే ఉత్తమ నటి మన తెనాలి శారద, నిమజ్జనం సినిమాకి. (మా ఊరు కదా, ఎక్కడ సందు దొరికినా దూరుస్తాను.)

#10 నల్లమల_నడక

కాంచనసీత ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నా. ఆ సినిమా తీసింది మన దగ్గర. ఆంధ్రప్రదేశ్ లోపలి గిరిజన ప్రాంతంలో, చెంచులతో. రాముడిగా, లక్ష్మణుడిగా నటించినవాళ్లు రామచెంచులు. తాము రాముడి వంశం వాళ్లమని చెప్పుకునే జనం. అందుకే అరవిందన్ వాళ్లని వెతుక్కుంటూ వచ్చాడు.

మనకి ఉత్తర రామాయణం అనగానే లవకుశ. 1963, మొదటి తెలుగు రంగుల సినిమా, ఎన్టీఆర్, అంజలీదేవి, ఘంటసాల. ఆ రాముడు కళ్లలో పడ్డాక ఇంకో రాముడు కనబడడు. కాంచనసీత కథ కూడా అదే కథ. అశ్వమేధం చేయాలంటే పక్కన భార్య ఉండాలి, లేదు కాబట్టి బంగారు సీతని చేయించి కూర్చోబెట్టడం. సి.ఎన్. శ్రీకంఠన్ నాయర్ నాటకం ఆధారం. కానీ కిరీటాలుండవు, అంతఃపురం సెట్లుండవు. జుట్టు ముడేసుకుని, విల్లు భుజాన పెట్టుకుని, అడవిలో నడిచే నల్లటి సన్నటి మనిషి రాముడు. అసలు సీత తెర మీద మనిషిగా కనబడనే కనబడదు. రాముడు బాధలో ఉన్నప్పుడు గాలి వీస్తుంది, ఆకులు కదులుతాయి. అదే సీత. చివర్లో రాముడు సరయూలోకి నడుచుకుంటూ వెళ్లిపోతాడు.

నేను నల్లమల వైపు చెంచు పెంటల్లో (అంటే వాళ్ల గూడేల్లో) పదకొండేళ్లు బడిపంతులుగా చేశాను. ఆ నడక నాకు తెలుసు. కాలు పడిన చోట ఆకు చప్పుడు కాదు. సినిమాలో ఆ నడక చూసి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అది నటన కాదు, ఎవరూ నేర్పలేరు. మా బడిలో ఒక పిల్లాడికి రాముడి బొమ్మ వెయ్యమంటే నీలం రంగు అయిపోయిందని నల్లరంగు వేశాడు. బొమ్మ బాగుందన్నాను. వాడి కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

ఇప్పుడు చెప్పండి. 1977లో తెలుగు నిర్మాత ఎవరైనా ఆ రాముడి మీద ఒక్క రూపాయి పెట్టేవాడా? తెలుగు అడవి, తెలుగు మాట్లాడే మనుషులు, మలయాళం వాళ్ల సినిమా, కొల్లం జీడిపప్పు డబ్బు. మన సినిమా చరిత్ర పుస్తకాల్లో ఆ నటుల ఊసు నాకెక్కడా తగల్లేదు.

#11 టికెట్_చింపేవాడు

మాస్టారూ, మీరు రాసింది చదివి నేను కూడా నిటారుగా కూర్చున్నా. సినిమా ఎక్కడ దొరుకుతుంది?

#12 చెన్నై_సెంట్రల్

అందరూ హారతులు పడుతున్నారు, ఒక్కడైనా అడ్డం తిరగాలి కదా, నేను తిరుగుతా.

డబ్బున్న మారాజు, సరదా తీర్చుకున్నాడు. ఇందులో నిర్మాత గొప్పతనమేముంది? నిర్మాత అంటే సినిమా తీసి, అమ్మి, థియేటర్‌కి తెచ్చి, మళ్లీ ఇంకో సినిమాకి డబ్బు పుట్టించేవాడు. ఈయన రిలీజ్ గురించి ఎప్పుడైనా ఒత్తిడి పడ్డాడా? కొల్లంలో పిక్కలు కొట్టే వేల మంది ఆడవాళ్ల కూలి మీద నడిచే పరిశ్రమ అది. ఆ కూలి రేట్ల మీద అక్కడ గొడవలు ఏనాటివో. 1969లో ప్రభుత్వమే జీడి కార్పొరేషన్ పెట్టాల్సి వచ్చింది. కూలి తక్కువని ఓనర్లు పక్క రాష్ట్రాలకి ఫ్యాక్టరీలు తరలించడం కూడా అందరికీ తెలిసిందే. ఈయన ఒక్కణ్నీ అనట్లేదు, మొత్తం పరిశ్రమ సంగతి. ఆ డబ్బుతో తీసిన సినిమాని ఆ ఆడవాళ్లలో ఎంతమంది చూసి ఉంటారు?

#13 పలాస_పిక్క

అన్నా, కూలి సంగతి మీరన్నది నిజం, నేను కాదనను. మా షెడ్డులోనే ఇరవై మంది ఆడవాళ్లు చేస్తారు. వేయించిన పిక్క చిట్లగానే పెంకులోని జీడి నూనె చిమ్ముతుంది, చేతికి తగిలితే చర్మం ఊడొస్తుంది. బూడిద రాసుకుని కూర్చుంటారు. అయినా గోళ్ల చివరలు నల్లగానే ఉంటాయి, పెళ్లిలో మెహందీ పెట్టినా ఆ నలుపు కనబడుతుంది. మా అమ్మ చేతులూ అంతే, ఓనర్ ఇంటి కోడలైనా. కొత్తలో మనుషులు సరిపోక తనూ పీట మీద కూర్చునేది.

కానీ ఒక విషయం మీకు తెలీకపోవచ్చు. మా వ్యాపారంలో ఎవరూ "సరదా" అని డబ్బు వదలరు. ఇక్కడ గుండు పప్పు బద్దయితేనే ఇంట్లో తిట్లు. పౌనుకి 320 గింజలు తూగేది ఒక రేటు, 240 తూగేది ఇంకో రేటు. గింజ గింజకీ లెక్క. అలాంటి లెక్కలో పెరిగినవాడు వరసగా పది సినిమాలు, తిరిగి రావని తెలిసి పెట్టాడంటే నాకు అర్థం కావట్లేదు. నిజంగా అర్థం కాకే అడుగుతున్నా. ఏ ఖాతాలో రాసుకున్నాడు?

#14 రెండో_ఆట

"ఏ ఖాతాలో రాసుకున్నాడు" అన్న ప్రశ్న దగ్గరే మొత్తం ఉంది తమ్ముడూ.

నాకు తోచింది చెప్తా. లైబ్రరీ ఏ ఖాతాలో రాసుకున్నాడో సినిమాలూ అందులోనే రాసుకుని ఉంటాడు. పెట్టుబడి పద్దులో కాదు, ఖర్చు పద్దులో. గుడికి గోపురం కట్టించినాయన ఏడాది చివర హుండీ లెక్క చూసుకోడు కదా.

చెన్నై అన్నకి ఒక సమాధానం. నిర్మాత అంటే అమ్మగలిగినవాడే అంటే, ఆ పని ఈయన అచ్చాణితో చేసి చూపించాడు. అమ్మడం రాక కాదు, ఇంకో రకం ఎంచుకున్నాడు. రెండోది, డైరెక్టర్ పనిలో వేలు పెట్టేవాడు కాదని ఆయనతో చేసినవాళ్లంతా చెప్పే మాట. మన దగ్గర ఐదు లక్షలు ఫైనాన్స్ ఇచ్చినవాడు కూడా తన మేనల్లుడికి వేషం అడుగుతాడు.

#15 చెన్నై_సెంట్రల్

మేనల్లుడి పాయింట్‌కి లొంగిపోతున్నా. కూలి పాయింట్ మాత్రం వెనక్కి తీసుకోను.

#16 రెండో_ఆట

తీసుకోవద్దు. అదీ ఈ కథలో ఉండాల్సిందే.

#17 డాలస్_దోసె

నాకు ఈ సినిమాలు దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాల వల్ల తెలుసు. బధిరుల వార్తలు అయిపోగానే ఏదో ఒక భాష సినిమా, కింద ఇంగ్లిష్ అక్షరాలు. మా నాన్న పడుకునేవారు, అమ్మ బియ్యం ఏరుకునేది, నేనొక్కణ్నే చూసేవాణ్ని. కొడియేట్టం, ఎలిప్పత్తాయం అన్నీ అలా చూసినవే. ఇవన్నీ రవి గారివేనని ఈ థ్రెడ్ చదివాకే తెలిసింది. ధన్యవాదాలు.

#18 తెనాలి_పాతప్రింట్

చిన్న సవరణ అండీ. కొడియేట్టం రవి గారిది కాదు. అదూర్ మొదటి రెండు సినిమాలు, స్వయంవరం, కొడియేట్టం, చిత్రలేఖ అనే ఫిల్మ్ కోఆపరేటివ్ తీసింది. రవి గారితో అదూర్ ప్రయాణం ఎలిప్పత్తాయంతో మొదలు. తర్వాత ముఖాముఖం (1984), అనంతరం (1987), విధేయన్ (1994). నాలుగు. మధ్యలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ తన నవల మంజుని తానే డైరెక్ట్ చేస్తే అదీ రవి గారే తీశారు. భాస్కరన్‌వి మూడు, విన్సెంట్‌ది ఒకటి, అరవిందన్‌వి ఐదు, ఎం.టి.ది ఒకటి, అదూర్‌వి నాలుగు. పద్నాలుగూ సరిపోయాయి.

ముఖాముఖం కమ్యూనిస్టు నాయకుడి కథ, కేరళలో ఎర్రజెండా వాళ్లకి బాగా కోపం తెప్పించింది. దానికీ, అనంతరానికీ అదూర్‌కి జాతీయ ఉత్తమ దర్శకుడి అవార్డులు. ఇక విధేయన్‌లో మమ్ముట్టి! స్వాతికిరణంలో గురువుగారి అసూయ చూసి భయపడ్డ మనవాళ్లు విధేయన్‌లో పటేలర్‌ని చూడాలి. ఆ ఏడాది జాతీయ ఉత్తమ నటుడు ఆయనే, దీనికీ పొంతన్‌మాడకీ కలిపి.

ఇప్పుడు ఎలిప్పత్తాయం దగ్గర కాస్త ఆగుతాను. ఎలిప్పత్తాయం అంటే ఎలుకల బోను. కూలిపోతున్న ఒక నాయర్ల పాత ఇల్లు. ఉన్ని అనే అన్నగారు. ఒళ్లు కదపడు. ఎలుక కనిపిస్తే చెల్లెళ్లని కేకేస్తాడు. ఎక్కడికో పోవాలని తెల్లపంచె కట్టుకుని బయల్దేరతాడు, దారిలో బురదగుంట అడ్డొస్తుంది, పంచె పాడవుతుందని వెనక్కొచ్చేస్తాడు. అంతే! ఒక జాతి జాతి అంతా ఎలా కూలిందో ఆ బురదగుంట దగ్గర చెప్పేశాడు.

ఆ ఇంట్లో పనంతా నెత్తినేసుకునే పెద్ద చెల్లెలు రాజమ్మ. ఆ వేషం మన శారద. మానవుడు దానవుడులోనో, ఇంకోదాన్లోనో ఆవిడ ఏడుపు చూసి అదే ఆవిడ నటన అనుకునేవాళ్లు ఇది చూడాలి. ఇందులో ఏడవదు. నీళ్లు తోడుతుంది, వంట చేస్తుంది, అన్న పిలిస్తే వస్తుంది, నడుం పట్టుకుని ఒక క్షణం ఆగుతుంది, మళ్లీ పనిలోకి పోతుంది. ముగ్గురు ఆడవాళ్లకీ మూడు రంగులు పెట్టాడు అదూర్. రాజమ్మది నీలం. అది తెలిసి చూస్తే ఒకలా, తెలియకుండా చూస్తే ఒకలా ఉంటుంది. 1982లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సదర్‌లాండ్ ట్రోఫీ దీనికొచ్చింది.

#19 టికెట్_చింపేవాడు

మా నాన్నకి శారద అంటే ప్రాణం. ఇది చూపిస్తే నాకు ఆస్తి రాస్తాడేమో.

#20 కొత్తపేట_క్యూలైన్

ఎలిప్పత్తాయం మీద నా గోడు కూడా వినండి. ఎనభైల్లో మా ఊళ్లో ఒక ఫిల్మ్ సొసైటీ ఉండేది. పేరు వద్దులెండి, మంచివాళ్లే. స్కూలు హాల్లో దుప్పటి కట్టి ఈ సినిమా వేశారు. రెండో రీలు తర్వాత నాలుగో రీలు ఎక్కించారు. ఎవరూ గమనించలేదు! అందరం తలలూపుతూ చూశాం. అయ్యాక చర్చలో ఒకాయన లేచి "కాలాన్ని ఖండించి చూపిన తీరు అద్భుతం" అన్నాడు. ఆపరేటర్ మూల నుంచి "సార్, మూడో రీలు మిగిలింది, వెయ్యనా?" అన్నాడు. వేశాం, చూశాం, ఇంటికెళ్లాం. ఆ పెద్దమనిషి మళ్లీ సొసైటీకి రాలేదు.

#21 అడ్మిన్

నవ్వి నవ్వి చచ్చాను. థ్రెడ్‌ని పిన్ చేస్తున్నా. లింకులు అడిగేవాళ్లకి గమనిక: దొంగ ప్రింట్ల లింకులు ఇక్కడ పెట్టొద్దు, తీసేస్తా.

#22 డాలస్_దోసె

సవరణకి థ్యాంక్స్ తెనాలి గారూ. నలభై ఏళ్లుగా తప్పుగా అనుకుంటున్నా.

ప్రింట్ల మాట వచ్చింది కాబట్టి, కుమ్మాట్టిని 2021లో, తంబుని 2022లో కొత్తగా బాగుచేశారు. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు. కుమ్మాట్టికి మార్టిన్ స్కోర్సేసీ సంస్థ కూడా చెయ్యేసింది. తంబు ఆ ఏడాది ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా పండగలో క్లాసిక్స్ విభాగంలో పడింది. రవి గారు అప్పటికి బతికే ఉన్నారు, తొంభైకి దగ్గర్లో.

#23 చెన్నై_సెంట్రల్

తంబు బాగుచేత పనిలో మా చెన్నై ప్రసాద్ వాళ్లు కూడా ఉన్నారు. ఎల్.వి. ప్రసాద్ గారి ప్రసాద్. అంటే మళ్లీ తెలుగువాడి ఇంటికే వచ్చింది.

ఒరిజినల్ నెగెటివ్ మిగల్లేదు, డూప్ నెగెటివ్ (నకలు) ఉంటే దాన్నుంచి చేశారు. ఇదొక్కటి నాకు మండే విషయం. అంత డబ్బు పోసి తీసిన సినిమాకి నెగెటివ్ లేకపోవడమేంటి? ఆయన్ని అనట్లేదు. దేశం మొత్తం మీద అందరూ అలాగే పోగొట్టుకున్నారు. మన తెలుగు పాత సినిమాలు ఎన్ని పోయాయో ఈ ఫోరంలో వేరే థ్రెడ్డే ఉంది.

#24 పలాస_పిక్క

తంబు దేని గురించండీ? బాబాయికి ఒకటి చూపిద్దామనుకుంటున్నా. కాంచనసీత అంటే పిన్ని ఒప్పుకోదు, ఎన్టీఆర్ లేకుండా రాముడేంటంటుంది.

#25 నల్లమల_నడక

తంబు అంటే సర్కస్ డేరా బాబూ. భారతప్పుళ నది ఒడ్డున ఒక ఊరికి సర్కస్ వస్తుంది, మూడు రోజులు ఆడుతుంది, వెళ్లిపోతుంది. కథ అంతే. బ్లాక్ అండ్ వైట్. నెడుముడి వేణు మొదటి సినిమా. కెమెరా షాజీ ఎన్. కరుణ్.

చూడాల్సింది సర్కస్‌ని కాదు, సర్కస్ చూసేవాళ్లని. అరవిందన్ నిజం సర్కస్ వాళ్లనే తీసుకెళ్లి, ఆ ఊరి జనాన్ని రమ్మని, ఆట ఆడించాడు. జనం మొదట కెమెరాని చూసి సిగ్గుపడ్డారు. కాసేపటికి ఆటలో పడి లైట్లనీ కెమెరానీ మర్చిపోయారు. అప్పుడు వాళ్ల ముఖాలు తీశాడు. బోసినోటి ముసలమ్మ, చేతిలో పిల్లాడున్న సంగతి మర్చిపోయిన తల్లి. ఎంతసేపైనా చూడొచ్చు. ఆట ఆడేవాళ్ల ముఖాలు మాత్రం ఖాళీగా ఉంటాయి.

#26 కొల్లంలో_కొన్నాళ్లు

రవి గారి భార్య ఉషా రవి నేపథ్య గాయని. ఇంట్లో సంగీతం ఉండేది, పుస్తకం ఉండేది. పప్పు బస్తాల నుంచి తిన్నగా అరవిందన్ దగ్గరికి గెంతలేదని చెప్పడానికి ఈ ముక్క రాస్తున్నా.

ఇంకొకటి. 2008కి కేరళ ప్రభుత్వం ఆయనకి జె.సి. డేనియల్ అవార్డు ఇచ్చింది. డేనియల్ ఎవరో తెలుసా? మలయాళంలో మొదటి సినిమా తీసి, ఉన్నదంతా అమ్ముకుని, దిక్కు లేకుండా పోయిన మనిషి. ఆయన పేరు మీద అవార్డు. పలాస తమ్ముడి బాబాయికి ఇది చెప్పండి.

#27 టికెట్_చింపేవాడు

ఒక డౌట్. 1994 తర్వాత ఎందుకు ఆపేశారు? ఇంకా 29 ఏళ్లు బతికారు కదా.

#28 రెండో_ఆట

కారణం మనం ఊహించి రాయడం బాగుండదు. ఒకటి మాత్రం గమనించు. అరవిందన్ 1991లో పోయాడు. వరసగా ఐదేళ్లు ఏడాదికొకటి తీసిన జోడీలో ఒకరు లేరు.

#29 తెనాలి_పాతప్రింట్

మన దగ్గర పోలిక అడిగితే నాకు తట్టేది మాభూమి. 1979. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు, డైరెక్షన్ గౌతమ్ ఘోష్. హైదరాబాద్‌లో బాగా ఆడింది కూడా. కానీ అలా ఒకటి తీసి, మళ్లీ ఏడాది ఇంకోటి, ఆ పై ఏడాది ఇంకోటి, అదే డైరెక్టర్‌ని పట్టుకుని ఐదు తీసిన నిర్మాత మనకి దొరకలేదు. సినిమా పోయిన వారానికి ఫోన్ ఎత్తనివాళ్లే ఎక్కువ. ఒక్క మంచి సినిమాకి డబ్బు పెట్టేవాళ్లు ఏ భాషలోనైనా దొరుకుతారు. రెండో సినిమాకి కూడా పెట్టేవాడు కావాలి. అరవిందన్‌కి అలాంటివాడు దొరికాడు.

#30 చెన్నై_సెంట్రల్

ఇది ఒప్పుకుంటున్నా. థ్రెడ్ మొదట్లో నేనన్నదానికి ఇదొక్కటే సరైన జవాబు.

#31 పలాస_పిక్క

అప్‌డేట్. రాయడం ఆలస్యమైంది, సీజన్ మొదలైంది, 80 కిలోల బస్తాలు లారీ మీద లారీ దిగుతున్నాయి.

ఆదివారం ఇంట్లో తంబు, ఎలిప్పత్తాయం రెండూ పెట్టాను. తంబుకి బాబాయి మొదటి ముప్పావు గంట గురక. జనం ముఖాలు వచ్చిన చోట నేనే తట్టి లేపాను. లేచి చూసి, "ఒరే, చిన్నప్పుడు కాశీబుగ్గకి సర్కస్ వచ్చినపుడు మీ తాత ఇలాగే నోరు తెరుచుకుని చూశాడ్రా, నేను సింహాన్ని చూళ్లేదు, ఆయన్నే చూశా" అన్నాడు. తర్వాత చివరిదాకా పడుకోలేదు.

ఎలిప్పత్తాయం అమ్మ చూసింది. శారద అని ముందు నేను చెప్పలేదు, గొంతు కూడా తెలియని భాష, అయినా రెండు నిమిషాల్లో పట్టేసింది. పూర్తయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి అన్నం పెడుతూ, "ఆ పిల్ల సినిమా అంతా నిలబడే ఉందిరా, ఒక్కడైనా కూర్చోమన్నాడా?" అంది. నాన్న లేచి తన కంచం తనే కడుక్కున్నాడు. మా ఇంట్లో ఇది మొదటిసారి.

రవి గారి కథంతా బాబాయికి చదివి వినిపించాను, లాభం దగ్గర్నుంచి లైబ్రరీ దాకా. మీ అందరి పేర్లతో సహా. చెన్నై అన్న కూలి పాయింట్ దగ్గర "ఇతనెవడో మన షెడ్డు చూసినట్టే రాశాడు" అన్నాడు. ఆ కుర్రాడికి పెట్టుబడి పెడతాడా లేదా అన్నది ఇంకా తేలలేదు. నిన్న మాత్రం ఆ కుర్రాణ్ని పిలిచి ఒకటే అడిగాడు, "నీ సినిమాకి నా డబ్బు పోద్ది అనుకో. రెండో సినిమాకి కూడా నన్నే అడుగుతావేటి?" కుర్రాడు ఏం చెప్పాలో తెలీక టీ తాగి వెళ్లిపోయాడు.

పిన్ని బ్యాగ్ ఇంకా గుమ్మం పక్కనే ఉంది, కాకపోతే అందులోంచి రెండు చీరలు బయటికొచ్చాయి.

#32 టికెట్_చింపేవాడు

మిగతా చీరలు వచ్చాక మళ్లీ రాయి అన్నా. కుమ్మాట్టి పిల్లలకి చూపించొచ్చా ఎవరైనా చెప్పండి.

#33 నల్లమల_నడక

చూపించొచ్చు. పిల్లాడు కుక్కగా మారే చోట మీ వాళ్లు కాస్త భయపడతారు, పక్కన కూర్చోండి.